నరసమ్మ దిద్దుబాటు

"నిన్న మధ్యాహ్నం మనం తిన్నది చేపా, పీతా?" అని ఫణీంద్ర అడిగేసరికి వకుళకు ఒళ్ళు మండింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన అలాంటి ప్రశ్న వేయడం ఇదే మొదలు.

"చేప," అంది.

"నాకు పీత అని గుర్తు."

"అయితే మీ గుర్తు తప్పు."

ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. మొగుడూ పెళ్ళాం అన్నాక ఇలాంటి వాటి మీద గంటసేపు వాదులాడుకోవచ్చనీ, వాళ్ళ అమ్మమ్మల కాలంలో అది రోజూ జరిగేదేననీ పాపం వాళ్ళకెవరు చెప్పారు గనక. ఓడ రెయిలింగు పట్టుకుని చెరో వైపు సముద్రాన్ని చూస్తూ నిలబడ్డారు.

తప్పు వాళ్ళది కాదు. అందరికీ ఉన్నట్టే వాళ్ళకూ చెవి వెనక గింజంత తలపుపూస ఉంది. రోజూ రాత్రి ఆలుమగలు తమ పూసల్ని కలబోత పెట్టెలో పక్కపక్కన పెడితే చాలు, గంటలో ఇద్దరి జ్ఞాపకాలూ ఒకటవుతాయి. ఒకే పోలికున్న తలపులు రెండు తగిలితే పెట్టె స్పష్టమైన దాన్ని ఉంచి మసకదాన్ని అందులో కలిపేస్తుంది. "నువ్వన్నావు", "నేననలేదు" అనే మాటలు ఇళ్ళలోంచి పోయి ఒక తరం దాటింది. విడాకుల కోర్టుల్లో ఇప్పుడు పిల్లలకు సంగీతం నేర్పుతున్నారు.

కానీ పన్నెండు మంది ప్రయాణికులున్న ఈ చిన్న ఓడ ఐదు రోజులుగా మౌనజలాల్లో తిరుగుతోంది. తిమింగలాలు బెదరకుండా ఈ దీవుల చుట్టూ ఏ తరంగాలూ పంపకూడదని కట్టడి. ఫోను లేదు, తరంగాలతోనే నడిచే కలబోతా లేదు. ఐదు రోజుల్లోనే ఇద్దరి తలపులూ చెరో దారి పట్టాయి.

వకుళ చిరాకుకు చేప ఒక్కటే కారణం కాదు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి హైదరాబాదు స్మృతిశాలలో ఆమె తల్లి నరసమ్మకు దిద్దుబాటు. నరసమ్మ ఏనాడూ పూస పెట్టుకోలేదు. రెండేళ్ళుగా కూతురు ఏ పాత సంగతి ఎత్తినా అడ్డం తిరుగుతోంది. "కాలువలో నాకు ఈత నేర్పావు కదమ్మా" అంటే, "నేనెప్పుడు నేర్పిస్తినే? కదిరిలో బిందె నీళ్లకే కొట్లాడుకుంటా ఉంటిమి. నాకు నీళ్లంటేనే బయం" అనేది. డాక్టరు అది మతిమరుపు అన్నాడు. కూతురి తలపుల్నే నమూనాగా తీసుకుని తల్లి మెదడులో చెరిగిపోయినవన్నీ తిరిగి రాస్తామన్నాడు. కుటుంబం దగ్గరుంటే ఆవిడ గాభరా పడుతుందని కూడా అన్నాడు. అందుకే ఈ విహారం. వకుళ సంతకం పెట్టేటప్పుడు నరసమ్మ ఒక్క మాటే అంది. "నీ ఇష్టమే తల్లీ. చదువుకున్నదానివి, నీకే బాగా తెలుస్తాది."

ఆ మాట గుర్తొస్తే వకుళకు ఎక్కడో కలుక్కుమంటోంది. ఎందుకో మాత్రం అంతుబట్టడం లేదు. మంచికే కదా చేస్తోంది.

భోజనాలయ్యాక ఒక దీవి పక్కన లంగరు వేశారు. నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. కెప్టెన్ దానయ్య భీమిలి జాలరి కుటుంబంవాడు, అరవై దాటినవాడు. తేలుడు చొక్కాలు పంచుతూ వకుళ దగ్గర ఆగాడు.

"ఈతొచ్చునా అమ్మా?"

"కాలువలో పెరిగినదాన్నండి. చొక్కా అక్కర్లేదు."

"పూస చెప్పిన మాట కాదమ్మా. మీ ఒంటికొచ్చునా అని అడుగుతున్నాను."

"ఆవిడ చేపలా ఈదుతుంది," అన్నాడు ఫణీంద్ర. ఆయనకు అది నిజంగానే గుర్తుంది.

వకుళకూ గుర్తుంది. నడుము కింద అమ్మ అరచెయ్యి, ముక్కులోకి పోయిన పచ్చి నీళ్ళ వాసన, ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలియకుండా తను ఆ గట్టు చేరడం. పన్నెండో అంతస్తు కాపురంలో మళ్ళీ నీళ్ళలో దిగే అవసరం పడలేదు గానీ ఈత మరిచిపోయేదా ఏమన్నా. సంతోషంగా దూకింది.

కాళ్ళూ చేతులూ ఏం చేయాలో ఆమెకు తెలుసు. కాళ్ళకూ చేతులకూ తెలియదు. రెండు గుక్కలు తాగి, ఒకసారి పైకి తేలి, మళ్ళీ మునిగింది. అమ్మ చెయ్యి కోసం వెతుక్కుంది. చివరికి ఆమె జుట్టు పట్టుకున్న చెయ్యి ఫణీంద్రది. ఆలోచించకుండా దూకి, నాలుగు బారల్లో చేరుకుని ఆయనే ఒడుపుగా లాక్కొచ్చాడు.

ఓడ మీద వకుళ దగ్గి దగ్గి కక్కింది. దానయ్య తువ్వాలు కప్పి పక్కన కూర్చున్నాడు.

"మీదే ఊరమ్మా?"

"కదిరి."

"కదిరిలో కాలవెక్కడిదమ్మా? మా బావమరిది అటేపు బోర్లు తవ్వేవోడు. వెయ్యడుగులెళ్ళినా దుమ్మే లేచేదనేవోడు."

వకుళ మొగుడి వైపు చూసింది. ఆయన తన చేతుల్ని తనే వింతగా చూసుకుంటున్నాడు.

"అది మా ఊరి కాలువ," అన్నాడు నెమ్మదిగా. "కోనసీమలో. నేర్పింది మా అమ్మ."

ఫణీంద్ర తల్లి ఆయన పదో ఏటే పోయింది. వకుళ కళ్ళు మూసుకుని వెతుక్కుంది. కాలువలో అమ్మ, జడ వేస్తూ పాడిన అమ్మ, జ్వరంలో పక్కన కూర్చున్న అమ్మ. అన్నిటికీ నరసమ్మ ముఖమే ఉంది. పెట్టె ఎవరి తల్లి ముఖాన్ని వాళ్ళకు అతికించి, మెరుగైన అమ్మను మాత్రం ఇద్దరికీ ఉంచింది. మసకగా ఉన్న అమ్మ ఏమైందో, ఏం పెట్టిందో, ఏమని తిట్టిందో ఒక్క ముక్క కూడా దొరకలేదు. అవన్నీ ఇప్పుడు ఉన్నది ఒక్క నరసమ్మ దగ్గరే.

"అమ్మకు మతిమరుపు లేదు," అంది. "ఆవిడ చెప్పిందే నిజం. టైమెంతైంది?"

"రెండున్నర."

దిద్దుబాటు నాలుగింటికని వినగానే దానయ్య లంగరు ఎత్తించాడు. మౌనజలాల అంచు రెండు గంటల దూరం. ఓడలో ఉన్న ఒక్క అత్యవసర యంత్రం తీరకేంద్రానికి మాత్రమే పలుకుతుంది. అందులో చెప్పి చూశారు. ఎవరి ప్రాణానికి ప్రమాదమని అటునుంచి అడిగారు. వకుళ చాలాసేపు ఆలోచించి, ప్రాణానికి కాదంది. అయితే నియమం ఒప్పుకోదన్నారు.

దారంతా ఆమె రెయిలింగు వదల్లేదు. భయంగా ఉంది, సిగ్గుగా ఉంది, అన్నిటికన్నా ఎక్కువ గందరగోళంగా ఉంది. ఏ అమ్మ కోసం ఇంత కంగారు పడుతోందో తెలియడం లేదు. గుర్తున్న అమ్మ తనది కాదు, తన అమ్మ గుర్తు లేదు.

నాలుగూ నలభైకి ఫోను పలికింది. స్మృతిశాల నర్సు హుషారుగా, "అంతా అయిపోయిందండీ, పావుగంట పట్టింది. మాట్లాడండి," అని నరసమ్మకిచ్చింది.

"వకుళా, అంతా గుర్తొచ్చెనే," అంది నరసమ్మ. ఆ గొంతులో అంత సంతోషం వకుళ ఎన్నడూ వినలేదు. "కాలవలో నీకు ఈత నేర్పిస్తిని గదా. ఒడ్డుకొచ్చినాక చెవుల్లో నీళ్లు పోవాలని ఒంటికాలి మీద గెంతమంటి గదా. రెండేండ్లుగా కాదు కాదని నిన్నెంత ఏడిపిస్తినో, ఏమనుకోవద్దు తల్లీ."

"ఏమీ అనుకోనమ్మా," అంది వకుళ. "నువ్వు నాకు వండిపెట్టింది ఇంకేమన్నా గుర్తుందా? కదిరిలో?"

"కదిరిలోనా?" అంది నరసమ్మ. "ఆడేముందే. అంతా కాలవ గట్టునే గదా."

పక్కన నిలబడి వింటున్న ఫణీంద్ర ముఖం పాలిపోయింది. చెవుల్లో నీళ్ళు, ఒంటికాలి గెంతు. నలభయ్యేళ్ళ కింద పోయిన మనిషి తన పనుల్ని తనే చెబుతోంది. ఆయన కళ్ళు నిండాయి. తప్పు చేస్తున్నవాడిలా గొంతు తగ్గించి, "ఒక్కసారి నాకిస్తావా?" అన్నాడు.

వకుళ ఫోను ఆయన చేతికిచ్చింది.

"అమ్మా," అన్నాడు ఫణీంద్ర. అత్తగారిని ఆయన అలా పిలవడం అదే మొదలు.

"చెప్పు నాయినా," అంది నరసమ్మ.

వకుళ పక్కకు జరిగి నిలబడింది. ఆయన చిన్నపిల్లవాడిలా అడుగుతూనే ఉన్నాడు, అటునుంచి జవాబులు వస్తూనే ఉన్నాయి. ఆమెకు మాత్రం అడగడానికి ఎవరూ మిగల్లేదు.