ఎర్రనల్లి వీపు మీద పదకొండు పేర్లు

"అరవయ్యో నంబరు నూలు దొరుకుతుందా?"

"దొరుకుతుంది. ఇంకా గంజి పెట్టలేదు."

కోడ్ సరిపోయింది. ఎమ్మిగనూరు నేతపేటలోని ఆ ఇంట్లో, నూలు వ్యాపారి వేషంలో ఉన్న చీఫ్ వీరభద్రప్ప మగ్గం పక్కకు జరిగి కూర్చున్నాడు. మగ్గం మీదున్న ముసలామె చేయి ఆపబోయింది.

"ఆపొద్దమ్మా, నేస్తానే ఉండు," అన్నాడు చీఫ్. ఆ చప్పుడులో ఏ టేప్ రికార్డరుకూ మనిషి మాట చిక్కదు.

అది 1978 నవంబరు. ఏజెంట్ నీలకంఠం ఢిల్లీ నుంచి ఆ పొద్దునే దిగాడు. పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, పెద్దకడుబూరు పత్తిరైతు ఇంట్లో. ఎనిమిదేళ్లుగా ఈ దిక్కుకు రాలేదు.

"డాక్టర్ హోల్మ్," అన్నాడు చీఫ్. "పురుగుల శాస్త్రవేత్త. తెలుగు బాగా వచ్చు. ఎంబసీ పాస్‌పోర్టు. అరెస్టు చెయ్యలేం. నూటయాభై ఏళ్ల కిందట ఈ సీమ చిత్రకారుడొకడు కంపెనీ దొర కోసం పురుగుల బొమ్మలు గీశాడు. ఏ పురుగును ఆ పురుగు తినే చెట్టు మీదే గీశాడు. మొత్తం నలభై షీట్లు. ఎగ్జిబిషన్‌కని హోల్మ్ వాటిని విదేశం తీసుకుపోతున్నాడు. రేపు నాలుగు గంటల బొంబాయి మెయిలుకు."

"అందులో?"

"ఒక షీటు నకిలీ. ఏదో ఒక పురుగు మచ్చలో మైక్రోడాట్, అంటే చుక్కంత ఫిల్ము, ఉంది. దాంట్లో బయటి దేశంలో ఉన్న మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు. ఆ షీటు దేశం దాటితే పదకొండు మందీ చచ్చినట్టే."

"నకిలీ షీటు గీసిందెవరు?"

"చాంద్ బీ. వాళ్ల ముఠాలోకి మనం పంపిన మనిషే. ఆరు నెలలుగా కబురు లేదు. అటు తిరిగిందని నా అనుమానం. ఆమెను చూసి మెత్తబడొద్దు."

ఎనిమిదేళ్ల కిందట ఆదోని బస్టాండులో చాంద్ బీని కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, ఢిల్లీ పోస్టింగుకు వెళ్లిపోయిన మనిషి నీలకంఠమే.

మరునాడు మూడు గంటలకు ఆదోని ట్రావెలర్స్ బంగళాలోకి దేశం దాటే పాత బొమ్మలకు సీళ్లు వేసే పురావస్తుశాఖ ఇన్‌స్పెక్టరు ఒకడు వచ్చాడు. నెరిసిన మీసం, పాత కోటు, చేతిలో లక్క సీళ్ల పెట్టె. సీలు పిడిలో మూడువందల రెట్లు పెంచి చూపే లెన్సు.

చాంద్ బీ తలుపు తీసింది. పట్టుచీర, కత్తిరించిన జుట్టు, నల్లకళ్లద్దాలు, గదినిండా సెంటు వాసన. మీసం వెనకున్న మనిషిని క్షణంలో పోల్చుకుంది.

"రాండి సార్. దోవ మరిసినారేమో అనుకుంటి. కొందరు మగోళ్లు ఇప్పుడే వస్తామని పోతే మళ్లా కనపడరు."

"డ్యూటీ ఉండింది, అమ్మా."

"డ్యూటీనా? ముద్దుగా ఉండాది ఆమె పేరు."

హోల్మ్ నవ్వి కుర్చీ చూపించాడు. అతని వెనక, కోటు జేబులో చేయి పెట్టుకుని ఒక బాడీగార్డు నిలబడ్డాడు.

నీలకంఠం స్పిరిట్ దీపం మీద లక్క కరిగిస్తూ ఒక్కో షీటూ చూశాడు. జిల్లేడు మీద రంగుల మిడత, తుమ్మకొమ్మ మీద పచ్చగా మెరిసే పెంకుపురుగు, కందికాయను తొలిచే పురుగు. ఒక్కో బొమ్మలో పదులకొద్దీ మచ్చలు. లెన్సుతో అన్నీ చూడాలంటే రెండు రోజులు పడుతుంది. ఉన్నది ముప్పావుగంట. ఇరవై రెండు షీట్లు మూలన సీళ్లు వేయించుకుని పక్కకు పోయాయి.

ఇరవై మూడోది పత్తిచెట్టు మీద ఎర్రనల్లి. వీపు మీద రెండు నల్లమచ్చలు.

"కాళ్ల మీద నూగు చూడండి," అన్నాడు హోల్మ్ మురిపెంగా. "ఒక్క వెంట్రుక తప్పలేదు."

నీలకంఠం నల్లిని చూడలేదు. చెట్టును చూశాడు. పత్తిచేలలో పెరిగినవాడి నోరు బుద్ధి కంటే ముందు కదిలింది.

"ఇదేంది, ఇది ముంగారి పత్తి కాదే. హైబ్రిడ్డు గదా."

బాడీగార్డు ఒక అడుగు ముందుకు వేశాడు.

పాతకాలపు ముంగారి పత్తికి ఆకు వేళ్లలా సన్నగా చీలి ఉంటుంది. పసుప్పచ్చ పూవు, లోపల ఎర్రటి మరక, నేలకు తలవంచిన కాయ. ఈ బొమ్మలో ఆకు వెడల్పు, పూవు పాలిపోయి ఉంది, కాయ ఆకాశం చూస్తోంది. ఈ చెట్టు ఈ చేలలోకి వచ్చి ఆరేళ్లు కూడా కాలేదు.

హోల్మ్ మొదటిసారి చెట్టు వైపు చూశాడు. తరువాత చాంద్ బీ వైపు చూశాడు.

అప్పుడు నీలకంఠానికి అర్థమైంది. ఆమె పదేళ్ల వయసు నుంచి జిన్నింగు మిల్లులో తల్లితో కూర్చుని పత్తి ఏరిన మనిషి. ఆమె పొరబడదు. ఇక్కడికి ఎవరిని పంపుతారో ఊహించి, అతనికి మాత్రమే తెలిసేలా రాసిన ఉత్తరం అది. దాన్ని అతను అందరి ముందూ గట్టిగా చదివేశాడు.

"గుమాస్తాకు ఏం తెలుసు, డాక్టర్," అంది చాంద్ బీ తేలిగ్గా.

"ఆ షీటు ఇలా ఇవ్వండి," అంటూ హోల్మ్ లేచాడు. బాడీగార్డు చేయి జేబులోంచి బయటికి వస్తోంది.

"సీలు పడనీండి సార్." నీలకంఠం చేయి జారినట్టు వంచాడు. కాగుతున్న లక్క నల్లి వీపు మీద పడింది. హోల్మ్ మణికట్టు పట్టుకునేలోపే సీలు దిగింది. ఫిల్ము కాలిన వాసన సన్నగా వచ్చింది.

"అయ్యో, తప్పుచోట పడె. ముసలి చేతులు సార్, మన్నించండి."

మెయిలు ఆదోనిలో రెండు నిమిషాలే ఆగింది. హోల్మ్ పెట్టెలెక్కిస్తుండగా నీలకంఠం చాంద్ బీ నిలబడ్డ బోగీ మెట్టు దగ్గరికి వెళ్లాడు.

"దిగు, చాంద్. వాడు నిన్ను బతకనీడు."

"తెలుసు. నువ్వు నోరు తెరిసినప్పుడే తెలిసె." ఆమె గొంతులో కోపం లేదు. "నీకు తెలిసేట్లు గీస్తి గదప్పా. ఊరికంతా సెప్పమంటినా?"

"దిగు."

"నెగటివ్ బొంబాయిలో ఉండాది. యాడుండాదో మనోళ్లల్లో నాకే తెలుసు. నేను దిగితే వీడు మళ్లా పదకొండు పేర్లూ పంపిస్తాడు."

"నేను వస్తా నీతో."

"బాడీగార్డు నిన్నే సూస్తాండాడు. ఈడనే నిలబడు." రైలు కదిలింది. "ఈసారి పోయేది నేను. ఇప్పుడే వస్తానని మాత్రం అనను."

శుక్రవారం బొంబాయి నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. అందులో నెగటివ్ ఉంది, ఉత్తరం లేదు. శనివారం బొంబాయి పోలీసుల నుంచి రెండు లైన్ల వైర్‌లెస్ వచ్చింది. పదకొండు మందీ క్షేమం. ఆ రెండు లైన్లలో ఉన్నది పన్నెండో పేరు.

సోమవారం చీఫ్ ఒక కాగితం అతని ముందుంచాడు. హోల్మ్ ఎంబసీ ఫిర్యాదు చేసిందట. అమూల్యమైన ప్రాచీన చిత్రాన్ని లక్కతో పాడుచేసిన ఇన్‌స్పెక్టరు వెంటనే సంజాయిషీ ఇవ్వాలి.

నీలకంఠం పెన్ను తీసి ఒక్క వాక్యం రాశాడు.

"చిత్రం ప్రాచీనమైనది కాదు, గీసినావిడ గురువారం దాకా బతికే ఉండింది."