కోత పండుగకు పోయిన కందులు

తాండూరులోని మత్తయ్య ఇంట్లో ఆదివారం నుంచి ఎవరికీ ప్రశాంతత లేదు. కారణం రెండేళ్ల అక్షర చేతిలో ఉన్న గిలక. అది అంగట్లో కొన్నది కూడా కాదు. నాయనమ్మ భాగమ్మ ఖాళీ పౌడర్ డబ్బాలో గలగలలాడేందుకు ఇంత ఏదో పోసి, మూత చుట్టూ టేపు చుట్టి ఇచ్చింది. ఆ పిల్ల తింటున్నా దాన్ని వదలదు, నిద్రపోతున్నా వదలదు.

"జర ఆ పోరికి ఇంకేమన్న ఇయ్యరాదే, చెవులు గింగిరెత్తుతున్నయి" అన్నాడు మత్తయ్య, ఆ బుధవారం పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని.

"నీ కొడుకు గింతున్నప్పుడు పళ్లెం, గంటె పట్టుకుని వాడంత లేపిండు. అప్పుడు లేని చెవులు ఇప్పుడొచ్చినయా?" అంది భాగమ్మ. ఆమెతో వాదించి గెలిచిన రోజు ఆయనకి ఒక్కటీ గుర్తులేదు. అందుకని చాయ్ తాగుతూ ఊరుకున్నాడు.

లోపలి గదిలో కోడలు జ్యోతిరాణి బట్టలు సర్దుకుంటోంది. సోమవారం హైదరాబాదులోని పరిశోధన సంస్థలో చేరాలి. జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీ మొదలుపెట్టి, పెళ్లి, కాన్పు వరసగా రావడంతో మధ్యలో వదిలేసిన మనిషి. అలా చదువు ఆగిపోయిన ఆడవాళ్లు మళ్లీ పరిశోధనలోకి రావడానికి ప్రభుత్వమే ఫెలోషిప్ ఇస్తుందని పాత స్నేహితురాలు చెబితే దరఖాస్తు పెట్టింది. వయసు పరిమితి ప్రకారం అదే ఆఖరి అవకాశం. వచ్చిందన్న కబురు తెలిసిన రోజు భర్త శ్రీహరి సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి మిఠాయి పెట్టెతో పరుగెత్తుకొచ్చాడు. మామ మత్తయ్య వాడకట్టంతా చెప్పి వచ్చాడు. అత్త మాత్రం ఒక్క మాట అనలేదు. మంచి అనలేదు, చెడు అనలేదు. పిల్ల సంగతి ఏమిటని కూడా అడగలేదు. ఆ మౌనం జ్యోతిరాణి మనసులో అప్పటినుంచి ముల్లులా ఉండిపోయింది.

అన్నీ సర్దాక, అన్నిటికన్నా ముఖ్యమైనదాని కోసం వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డ్రమ్ము మీది చెక్కపై ఉండాల్సిన గుడ్డసంచి అక్కడ లేదు. డ్రమ్ము వెనక చూసింది, కింద చూసింది. పెరట్లోకి వచ్చేసరికి, ఉతికిన సంచి దండెం మీద ఆరుతోంది.

"అత్తమ్మా! గీ సంచిల కందులుండె. ఏడవెట్టినవ్?"

"గవా?" భాగమ్మ ముఖం వెలిగింది. "ఆదివారం కోత పండుగకు ఇచ్చిన బిడ్డా. నువ్వు పట్నం పోయినవ్ గద ఆ దినం. బస్తల కందులకు పుచ్చు వట్టింది. నీయి చూస్తె ఒక్క రాయి లేదు, ఒక్క పుచ్చు లేదు. దేవునికి మంచియే ఇయ్యాలె గదా!"

పంట ఇంటికొచ్చాక చర్చిలో జరిగే కోత పండుగకు ప్రతి కుటుంబం తొలి పంటలో ఇంత తీసుకెళ్లి బలిపీఠం ముందు పెడుతుంది. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని హర్రాజు వేస్తారు. జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, కందులు, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లవి. పండుగ సంగతి జ్యోతిరాణికి తెలియనిది కాదు. తన సంచి అక్కడికి పోతుందనే ఊహించలేదు.

"ఎవరు పాడిన్రు?" దండెం మీది సంచి అందుకుని అడిగింది.

"వికారాబాద్ బాల్‌రాజ్" అన్నాడు మత్తయ్య, కోడలి ముఖం చూసి కంగారుగా లేస్తూ. "పండుగకని వచ్చిండు, మనకు దూరపు చుట్టమే. ఏమైంది బిడ్డా?"

"పరేషాన్ ఎందుకే, సేరెడు కందులకు?" భాగమ్మ నవ్వేసింది. "బస్తలకెళ్లి చెరిగి రెండు సేర్లు ఇస్త, తీస్కపో."

ఆ మాటతో జ్యోతిరాణి లోపల ఏదో తెగింది.

"నేను పోవుడు నీకిష్టం లేకుంటె నోటితోటి చెప్పొచ్చు గద అత్తమ్మా! కబురు చెప్పినప్పుడు ఒక్క మాట మాట్లాడకపోతివి. ఇప్పుడు నా పనికి మూలాధారమే తీసి పారేస్తివి. అవి లేకుంటె నేను పట్నం పోయి ఏం జేయాలె? గిదేనా నీక్కావల్సింది?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో కోడలి గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి. అక్షర కూడా గిలక ఆపి చూసింది. భాగమ్మ వంటింట్లోకి వెళ్లి పొయ్యి కట్టేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది.

"నడువు. వికారాబాద్ పోదాం. నేనిచ్చిన, నేనే అడిగి తెస్త."

మత్తయ్య అప్పటికే బాల్‌రాజ్‌కి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. "గా మోకాళ్ల నొప్పులతోటి నువ్వెక్కడికే రైలెక్కి?" అంటే, భాగమ్మ ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు.

ప్యాసింజరు బండిలో అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరు ఈ కిటికీలోంచి, ఒకరు ఆ కిటికీలోంచి చూశారు. మధ్యలో అక్షర ఇద్దరి మోకాళ్ల మీదికీ మార్చి మార్చి ఎక్కుతూ, దారి పొడుగునా గిలక ఆడించింది. పక్కన కూర్చున్న ముసలాయన తట్టుకోలేక రెండు పెట్టెల అవతలికి పోయాడు.

వికారాబాద్‌లో బాల్‌రాజ్ ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. ఆయన పనికి పోతూ ఫోన్ ఇంట్లోనే మరిచిపోయాడట. భార్య ఈశ్వరమ్మ వాళ్లని చూసి పొంగిపోయింది. కాళ్లకి నీళ్లిచ్చి, ఫ్యాన్ వేసి, వద్దంటున్నా వినకుండా లోపలికి పరుగెత్తింది.

"వదినా, ఆదివారం అన్న మా ఇంటి కందులు పాడిండు గద" అని భాగమ్మ మొదలుపెట్టేలోపే ఈశ్వరమ్మ రెండు పళ్లేలతో వచ్చింది.

"అవే గదా ఇవి! నిన్న మా ఇంట్ల ప్రార్థన కూటం పెట్టుకున్నం. దేవుని పంట నల్గురికి అందాలని మొత్తం గుడాలు ఉడకవెట్టిన. ఎంత రుచో! అందరు మీ పేరు చెప్పుకుని తిన్నరు. ఇగో, ఇంత మిగిలినయి."

ఉల్లిగడ్డ, ఎండుమిరప పోపులో నిగనిగలాడుతున్న కంది గుడాలు. మూడేళ్ల పనికి మిగిలింది పళ్లెంలో గుప్పెడు. జ్యోతిరాణి ఒక గింజ చేతిలోకి తీసుకుంది. తొక్క పగిలి, మెత్తగా ఉంది. భాగమ్మ అలవాటు కొద్దీ ఒకటి నోట్లో వేసుకుని, "మంచిగ ఉడికినయి" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది. ఇంకొకప్పుడైతే జ్యోతిరాణికి నవ్వొచ్చేది. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈశ్వరమ్మ ఆ నీళ్లని ఇంకోలా అర్థం చేసుకుంది.

"ఏడ్వకు బిడ్డా. పిల్లను ఇడిసి పోవుడంటె ఏ తల్లికైన కష్టమే. అయినా నీకేం ఫికర్? నీ అత్త ఆదివారం సాక్ష్యం చెప్తుంటె చర్చిల మేమందరం కండ్లు తుడుసుకున్నం."

"ఏం సాక్ష్యం?" అంది జ్యోతిరాణి.

"నీకు తెల్వదా? అందరి ముంగట నిలవడ్డది. నా కోడలు పెద్ద సదువు సదువనీకి పోతున్నది, నా మనవరాలిని నేను జూస్కుంట, పట్నమైన సరే ఆమెతోటే పోత, దేవా నా మోకాళ్లకు బలమియ్యి, అన్నది. గింజలు గూడ నీ పేరు మీదనే పెట్టింది."

భాగమ్మ గబగబా లేచింది. "బండికి యాల్లయింది, నడువు" అంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది. బండికి ఇంకా చాలా సేపుంది.

ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ పైన ఇద్దరూ కూర్చున్నారు. అక్షర వాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని గిలకతో నేలని కొడుతోంది.

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?" అంది జ్యోతిరాణి.

"నువ్వు అడగలే గద. పిల్లను మీ అమ్మకాడ ఇడుస్తవేమో అనుకున్న. మోకాళ్ల నొప్పులదాన్ని, నన్నెందుకు అడుగుతదిలే అనుకున్న. దేవుని ముంగట చెప్పిన, అంతే. మీ మామను, శ్రీహరిని గూడ నీకు చెప్పొద్దన్న. నీ మొఖం మీద చెప్పనీకి నాకు నోరు రాదు."

జ్యోతిరాణి ఆమె చేయి పట్టుకుంది. పొద్దున తను అన్న ప్రతి మాటా తిరిగొచ్చి చెంపకి తగిలినట్టయింది. "తప్పు మాట అన్న. నువ్వు చెడగొడ్తవని ఎట్ల అనుకున్ననో! నన్ను కొట్టినా బాగుండు."

"కొడ్త, ఇంటికి పోయినంక" అంది భాగమ్మ, కళ్లు తుడుచుకుంటూనే. "అది గాదు గని, గా కందులల్ల ఏమున్నదే? మా బస్తల కందులకు లేనిది?"

అప్పుడు తట్టింది జ్యోతిరాణికి. ఇంటర్వ్యూలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లకి వివరించింది. ఫోన్‌లో గైడ్ మేడమ్‌కి గంటలకొద్దీ చెప్పింది. ఒకే వంటింట్లో రోజూ పక్కన నిలబడే మనిషికి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

"మన బషీరాబాద్ చేనుల, వాగు దిక్కు మడి యాదికుందా? ఏటా ఎండుతెగులొచ్చి చెట్లు నిలవడ్డకాడ్నే ఎండిపోతయి."

"యాదికి లేకేం! మీ మామ ఏటా ఆ మడి కాడ కూసోని తల పట్టుకుంటడు."

"అన్నీ ఎండినా, కొన్ని చెట్లు పచ్చగనే ఉన్నయి అత్తమ్మా. ఎందుకున్నయో ఎవ్వరికి తెల్వదు. మూడు పంటలసంది ఆ చెట్ల గింజలే ఏరి, మల్ల ఆడనే ఇత్తి, మల్ల పచ్చగున్నయే ఏరిన. తేనెటీగలు వేరే చెట్ల పుప్పొడి తేకుండ పూతకు తెరగుడ్డ కట్టిన. ఆ గుణం ఏందో తెలిస్తె, తెగులును తట్టుకునే కంది తయారు చేయొచ్చు. మనకే కాదు, దౌల్తాబాద్, పరిగి, అందరికి. కొరియర్‌ల పంపుమంటె నాకు మనసొప్పలే, చేతులతోటే తీస్కపోత అనుకున్న."

"గందుకా నా దోమతెర కోసినవ్? పిట్టలు రాకుండ కట్టినవనుకున్న!" అంది భాగమ్మ. అంతలోనే ఆమె ముఖం మారిపోయింది. నెమ్మదిగా వంగి మనవరాలి వైపు చూసింది.

"బిడ్డా, దేవునికిచ్చినా, దానమిచ్చినా సంచి అడుగు దులపద్దని మా అమ్మ చెప్పేది. ఇంట్ల గుప్పెడు మిగలాలె. ఆ పొద్దు నేను గూడ గుప్పెడు తీసిన. ఈ పోరి చర్చికి పోదాం అంటె ఒకటే ఏడుపు. ఏడ వెట్టాలె తెలువక..."

ఇద్దరూ ఒకేసారి గిలక వైపు చూశారు.

అక్షర ఇస్తుందా? ప్లాట్‌ఫారం దద్దరిల్లేలా ఏడ్చింది. బిస్కెట్టు చూపిస్తే బిస్కెట్టూ తీసుకుంది, గిలకా వదల్లేదు. నలుగురూ చూస్తున్నారు. చివరికి తల్లి పిల్లని ఎత్తి పట్టుకుంటే, నాయనమ్మ టేపుని పళ్లతో కొరికి మూత తీసింది. పౌడరు వాసనతో కందులు జలజలా ఆమె కొంగులోకి రాలాయి. గోధుమరంగు గింజలకి అక్కడక్కడా తెల్లటి పౌడరు అంటింది. కొన్ని పగిలాయి, ఎక్కువ నిండుగానే ఉన్నాయి.

"చాలా బిడ్డా?" భయంభయంగా అడిగింది భాగమ్మ.

జ్యోతిరాణి ప్లాట్‌ఫారం మీదే అత్త ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. "మొలిస్తె చాలు అత్తమ్మా."

ఇంటికొచ్చి, పదో పరకో గింజలు తడిగుడ్డలో కట్టి దేవుడి పటం కింద పెట్టింది భాగమ్మే. ఆ కాసిని రోజులూ గంటకోసారి గుడ్డ తడిపింది. మత్తయ్య అటు పక్కగా గట్టిగా దగ్గినా ఊరుకోలేదు. జ్యోతిరాణి సంగతంతా గైడ్ మేడమ్‌కి ఫోన్‌లో చెప్పింది. ఆమె, ముందు ఈ గుప్పెడునే పెంచి విత్తనం చేయాలని, ఒక పంటకాలం ఆలస్యమవుతుందని, అయినా రమ్మని అంది. పోయిన కాలం పోయిందే. జ్యోతిరాణి దానికీ కాస్త ఏడ్చింది.

సోమవారం పొద్దున గుడ్డ విప్పితే, ఒక్కటి తప్ప అన్నీ తెల్లటి మొలకలు చాచి ఉన్నాయి. శ్రీహరి ఆటో పిలుచుకొచ్చాడు. భాగమ్మ బ్యాగులో మోకాళ్ల నూనె సీసా, మనవరాలి గౌన్లు, నెలకి సరిపడా కారం. వెళ్లేముందు జ్యోతిరాణి మిగిలిన కందులని రెండు మూటలు కట్టింది. ఒకటి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, రెండోది అత్త చేతిలో పెట్టింది.

"అన్ని ఒక్క కాడ ఉండుడు మంచిది గాదు. సగం నీ దగ్గర ఉంచు."

భాగమ్మ మూటని తిరిగి ఇవ్వబోయింది. "నా దగ్గరనా? మల్ల ఏ పండుగకో ఇచ్చేస్తనేమో!"

"ఇద్దాం అత్తమ్మా. ఇవి పండినంక కోత పండుగకు ఇద్దరం కల్సి పోదాం. అప్పుడు సాక్ష్యం నేను చెప్త."

భాగమ్మ మూటని కొంగున ముడివేసి, ఆ ముడిని నడుముకి దోపుకుంది. ఆటోలో అక్షర కొత్త గిలక ఆడించి చూసింది. అందులో తాతయ్య పెసలు పోశాడు. ఆ చప్పుడు దానికి బొత్తిగా నచ్చలేదు.