గాజు వెనక మాట

స్టెగ్లిట్జ్ అనే పేటలో, మూడో అంతస్తులోని ఆ ఇంట్లో పొద్దున్నే రెండు చప్పుళ్ళు మొదలవుతాయి. ఒకటి గెర్లిండ్ టైపు మిషనుది, రెండోది ఆమె తండ్రి ఎక్‌బర్ట్ మాస్టారు ఎండు రొట్టె నమిలేది. మొదటిది ఆయనకు వినపడదు. రెండోదాన్ని ఆవిడ భరించలేదు.

ముప్ఫై ఏళ్ళు మగపిల్లల బళ్ళో భౌతికశాస్త్రం చెప్పిన మనిషాయన. ఆరేళ్ళ కిందట జ్వరమొచ్చి చెవులు పోయాయి. నోరు మాత్రం పోలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. అందుకే ఆయన్ని తిట్టాలనుకున్నప్పుడల్లా గెర్లిండ్ వీపు తిప్పి, అద్దం తలుపుల కప్పుల బీరువా వైపు మొహం పెట్టి కసి తీర్చుకునేది.

ఆవిడ సినిమాలకు కథలు రాస్తుంది. ఇప్పటిది అంగారకుడి మీదికి రాకెట్టులో వెళ్ళే ఒక కూతురి కథ. అవి మూకీల రోజులు; తెర మీద మాటలు వినపడవు కాబట్టి, మధ్యమధ్య అక్షరాల కార్డులు వేస్తారు. వీడ్కోలు ఘట్టంలో ఆవిడ తొమ్మిది కార్డులు రాసింది. సినిమా చూడమన్నామా, పుస్తకం చదవమన్నామా అంటూ కంపెనీలో కథల విభాగం పెద్ద రెండుసార్లు తిప్పి పంపాడు. ఈ మధ్యాహ్నంలోగా ఘట్టం బాగుపడకపోతే కథ ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. రెండేళ్ళ కష్టం.

"అంగారకుడికి పట్టు మేజోళ్ళు తొడుక్కుని వెళ్తుందా నీ కథలో అమ్మాయి?" అన్నాడు మాస్టారు, కాఫీ చప్పరిస్తూ.

గెర్లిండ్ బీరువా వైపు తిరిగి, ముసలి గాడిద అంది, నోరారా. ఆ తర్వాత గౌను మార్చుకోవడానికి లోపలికెళ్ళింది.

తిరిగొచ్చేసరికి కాగితాల నిండా ఎర్ర సిరా. బళ్ళో పిల్లల నోటు పుస్తకాలు దిద్దినట్టు దిద్దిపెట్టాడు. ఒకచోట "సిగ్గులేని పొరపాటు" అని కూడా రాశాడు. వీడ్కోలు కార్డులు తొమ్మిదీ అడ్డంగా కొట్టేశాడు.

"ఏం చేశారు నాన్నా మీరు? పదకొండింటికి రైలు నాకు!"

"ఆ చెత్తకు రైలు కూడానా? ఇంత మందం గాజు కిటికీ వెనక కూర్చోపెట్టావు పిల్లని. పక్కన రాకెట్టు గర్జిస్తోంది. బయట నిలబడ్డ తండ్రికి ఆ ఉపన్యాసం ఎలా వినపడిందో? నా క్లాసులో అయితే గోడ కుర్చీ వేయించేవాణ్ణి."

"సినిమా గురించి మీకేం తెలుసు? జన్మలో ఒక్కటైనా చూశారా?"

మాస్టారు రొట్టె కింద పెట్టాడు. "ప్రతి బుధవారం చూస్తాను. ఊళ్ళో నాతో సమానంగా అందరూ చెవిటివాళ్ళయ్యేది అక్కడొక్కచోటే."

బుధవారాలు ఆయన గ్రంథాలయానికి వెళ్తున్నాడనుకుంది ఆవిడ. ఎప్పుడూ అడిగింది లేదు. ఆయన ఇల్లు కదిలితే చాలని సంతోషించేది.

"తెర మీద తారలు కార్డులో ఒకటి, నోటితో ఇంకొకటి అంటారు. కన్నీళ్ళు పెట్టుకుంటూ, బూట్లు బిగుతుగా ఉన్నాయంటుంది ఒకావిడ. నాకు నవ్వొస్తుంది. గాజు వెనక పెదవులు చదవడం అలవాటే నాకు." బీరువా అద్దం వైపు గడ్డంతో చూపించాడు. "ఆరేళ్ళుగా అందులో నీ నోరు చూస్తూనే ఉన్నాను. ఇందాక గాడిదన్నావు. ముసలి అని కూడా."

గెర్లిండ్ బీరువా వైపు తిరిగి చూసింది. ఆరేళ్ళలో ఆ అద్దం ముందు తానన్న ప్రతి మాటా గుర్తొచ్చింది. ఎప్పుడు పోతాడో అని కూడా అంది ఒకసారి. ఆ రోజు కూడా ఆయన ఏమీ ఎరగనట్టు రొట్టె నమిలాడు.

సిగ్గుతో కాగితం తీసి చూసింది. కొట్టేసిన కార్డుల పక్కన ఎర్ర సిరాతో రెండే వాక్యాలు. "అక్షరాలు వద్దు. పిల్ల గాజు వెనక మాట్లాడుతుంది, తండ్రి చదువుకుంటాడు."

అంతే. రెండేళ్ళుగా దొరకని ఘట్టం అది. వెంటనే కూర్చుని ఉన్నదున్నట్టు టైపు చేసింది. కళ్ళ నీళ్ళతో అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి.

కాగితాలు సంచిలో పెట్టుకుని, వెళ్ళబోతూ బీరువా ముందు ఆగింది. ఎప్పటిలాగే ఆయనకు వీపు పెట్టి, అద్దంలో, గొంతు లేకుండా అంది: "నన్ను క్షమించండి నాన్నా."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు విసుగ్గా. "పెదవులు వణికిస్తే ఎలా చదవను?"