ఆవు గిట్టలు, నీళ్ల పైపులు

సదస్సుకి బయల్దేరే ముందు మా ఆఫీసరుగారు నాకు బోలెడు జాగ్రత్తలు చెప్పారు. కొత్త బూట్లు వేసుకోవద్దన్నారు, ముందురోజే చేరిపొమ్మన్నారు, పోస్టర్ ట్యూబుని లగేజీలో పడెయ్యకుండా చేత్తోనే పట్టుకెళ్లమన్నారు. అన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. నల్ల ట్యూబులన్నీ ఒకేలా ఉంటాయని మాత్రం ఆయన చెప్పలేదు, నాకూ తట్టలేదు.

పొద్దున్నే హాల్లో మూత తీస్తే ఆవు గిట్ట బయటపడింది. గిట్టకి పుండు, దానికో మందు, కింద ఒక పశువైద్యురాలి పేరు. నా నీళ్ల పైపుల లీకేజీ పోస్టరు జాడే లేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఈ ప్రదర్శన సవ్యంగా జరిగితేనే ఉద్యోగం ఖాయమని ఆఫీసులో ముందే తేల్చి చెప్పారు.

విమానంలో నా బ్యాగు తన నెత్తిమీద పడబోతే, సామాను అదుపులో పెట్టుకోమని కసిరిన అమ్మాయి గుర్తొచ్చింది. పైన అరలో నా ట్యూబు పక్కనే తన నల్ల ట్యూబు పెట్టింది ఆమే. పోస్టరు మీదున్న ఆసుపత్రి నంబరుకి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఆమె సదస్సు ఎక్కడో మాత్రం పైనే అచ్చువేసి ఉంది. నా పని ఎలాగూ గంగలో కలిసింది, పాపం ఆమెదైనా దక్కాలని టాక్సీ ఎక్కాను.

అక్కడ ఆమె లేదు. చేసేదేముంది, పోస్టరు నేనే గోడకి తగిలించాను. పోస్టర్లకి మార్కులు వేసే జడ్జిగారొచ్చి పుండు ఎన్నాళ్లకి మానుతుందని అడిగితే, వెనక్కి తిరిగి చదివి మరీ చెప్పాను. ఆవుల గురించి నాకు తెలిసింది పాలొక్కటే.

పదకొండున్నరకి ఆమె వానలో తడిసి, ఆయాసపడుతూ వచ్చింది. గోడమీద తన పోస్టరు చూసి అక్కడే కుర్చీలో కూలబడింది.

"మీదీ అక్కడ గోడకెక్కింది," అంది. "మీకిద్దామని వెళ్లేసరికి మీరు లేరు, జడ్జీలొచ్చేశారు. రాసిందంతా చదివి చెప్పాను. బాగుందన్నారు."

హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత కసురుబోతు మనిషి నాకోసం ఊరంతా పరిగెత్తిందంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఒక్క అబద్ధం ఆడాను, ఏమీ అనుకోకండి," అంది తల దించుకుని. "బయటివాళ్లు నిలబడకూడదన్నారు. మీకేమవుతానని అడిగితే, కాబోయే భార్యనన్నాను."

"ఇక్కడా అడిగారండీ. దూరపు చుట్టాన్నని చెప్పాను."

ఆమె మొహం చిన్నబోయింది. అది చూసి నా ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

"జడ్జిగారింకా టీ తాగుతున్నారు. వెళ్లి, దూరం కాదు, దగ్గరేనని దిద్దుకొస్తాను."

"ఆయనకి చెబితే ఏం లాభం?" అంది నవ్వాపుకుంటూ. "చెప్పాల్సింది మా అమ్మకి."

ఫోన్ తీసి నంబరు అడిగాను.