కుడిచెయ్యి పైన

ఓవెన్‌లో నలభై బన్నులు పొంగుతుండగా వీబెకె ఆ కార్డు విప్పింది. చదివి, బన్నులు మాడిపోకుండా బయటికి తీసి, మళ్లీ చదివింది. రెండోసారీ అందులో అదే ఉంది.

కార్డు రాసింది సినిమాలు తీసే త్యూరా. పెళ్లయి పాతికేళ్లు నిండినందుకు శుభాకాంక్షలు చెప్పి, కింద చిన్న అక్షరాల్లో ఇలా రాసింది. "వేషం మీకు వద్దని మీ ఆయన జవాబు రాశారు. మీకు కెమెరా అంటేనే విరక్తి పుట్టిందట కదా. ఎంత దిగులుపడ్డానో చెప్పలేను. పడవ దాటించే ఆ విధవరాలిగా నా కళ్లకి మీరు తప్ప ఇంకెవరూ కనిపించడం లేదు. మనసు మారుతుందేమోనని సోమవారం దాకా ఆగుతాను."

ఏ జవాబు? ఏ వేషం? తనని అడిగినవాళ్లెవరు, తను కాదన్నది ఎప్పుడు? పిండి అంటిన బల్లమీదే కూర్చుండిపోయింది వీబెకె. పాతికేళ్లలో ఒక్క మనిషి... ఒక్కరంటే ఒక్కరు ఆమెని మళ్లీ నటించమని అడిగారు. ఆ ఉత్తరం ఈ గడప దాటి లోపలికి వచ్చింది, ఆమె వంటింటి దాకా మాత్రం రాలేదు! వచ్చింది ఏడుపో కోపమో ఆమెకే తెలియలేదు. తేల్చుకునే తీరికా లేదు. ఏడు గంటలకల్లా ఊరంతా ఇంటిముందుకి వస్తుంది.

ఆ ఊళ్లో పద్ధతి అది. పెళ్లయి పాతికేళ్లయితే ముందురోజే ఇరుగుపొరుగు వాళ్లొచ్చి వీధి గుమ్మానికి దేవదారు కొమ్మలతో కమాను కట్టి, వెండి కాగితంతో చేసిన ఇరవై ఐదు అంకె తగిలిస్తారు. మర్నాడు పొద్దున్నే బాకాలతో వచ్చి పాడి, దంపతులని నిద్ర లేపుతారు. నిద్ర లేపేది నలభై బన్నులు కాల్చి, నలభై కప్పులు పేర్చి, చేదు సారాకి చిన్న గ్లాసులు తుడిచి ఉంచిన ఇల్లాలిని! ఆమె కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చి, అయ్యో మాకేం తెలియదే అన్నట్టు ఆశ్చర్యపోవాలి. నటన ఆ ఇంటికి కొత్త కాదు కాబట్టి అది పెద్ద కష్టం కాదు.

ప్రేబెన్ మేడమీద అద్దం ముందున్నాడు. దువ్వనట్టు కనపడేలా జుట్టు దువ్వుకుంటున్నాడు. ఆమె కార్డు అతని ముందు పెట్టింది. అతను చదివి, దువ్వెన కింద పెట్టాడు.

"నీ మంచికే రాశాను, వీబెకె. జనానికి నువ్వు ఇప్పటికీ ఇరవై రెండేళ్ల ఆగ్నెస్‌వి. అలాగే ఉండిపో. ఇప్పుడు తెరమీదికి వెళ్లి ఆ బొమ్మని నువ్వే చెరిపేసుకోవడం దేనికి?"

"ఆగ్నెస్ చచ్చిపోయింది కాబట్టి ముసలిదవలేదు. నాకా సదుపాయం లేదు."

అంతలో కింద బాకాలు మోగాయి. ఇద్దరూ నిద్రమొహాలు పెట్టుకుని, చేయి చేయి పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. ఎంత చక్కటి జంట అని ఎవరో ముక్కు చీదారు.

ఆగ్నెస్ ఎవరో ఆ దేశంలో చెప్పనక్కర్లేదు. వీబెకె, ప్రేబెన్ జంటగా వేసిన సినిమా, యుద్ధకాలం నాటి ప్రేమకథ అది. చర్చి పాస్టరుగారి కూతురు ఆగ్నెస్, ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయమీద పడవ దాటించే మాథియాస్ ప్రేమించుకుంటారు. అతను సైన్యం నుంచి తిరిగి వచ్చేసరికి ఆమె జ్వరంతో కన్నుమూస్తుంది. చావుగంట విని, తుపానులో ఒక్కడే అవతలి ఒడ్డుకి పడవ వేసుకుని వెళతాడు. తెడ్లు వేసేవాడు తను వెళ్లే చోటికి వీపు పెట్టే వెళ్లాలి కదా! అందుకే అవతలి ఒడ్డునున్న కెమెరాకి అతని మొహం కనపడదు. వీపూ, వణికే భుజాలూ, అంతే. ఆ భుజాలు చూసి దేశమంతా ఏడ్చింది. మొహం చూపించకుండా దుఃఖం చూపించిన మొనగాడని రాయని పత్రిక లేదు. ప్రేబెన్‌కి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆ కంచు బొమ్మ వీళ్ల నడవలో ఉంటుంది. శుక్రవారం శుక్రవారం దాని దుమ్ము దులిపేది వీబెకె.

వీబెకెకి కూడా మంచి పేరే వచ్చింది, "లేడిపిల్లలాంటి కళ్లు" అని. కళ్లకి బహుమతులు ఇవ్వరు. ఏడాది తిరగకుండా పెళ్లి, పెళ్లయిన ఏడాదికి కూతురు సిగ్నె. ఆ తర్వాత ఆయనకి వరసగా రాజుల వేషాలు, ఆమెకి వరసగా వంటలు.

ఆ భుజాల సంగతి తెలిసినవాళ్లు లోకంలో నలుగురే. దర్శకుడూ కెమెరామానూ కాలం చేశారు. మిగిలిన ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

పండగ కానుకగా ఊరివాళ్లు ఆ రోజు పదకొండు గంటలకి సినిమా హాల్లో ఆ సినిమానే వేయించారు. మసకలు తుడిచి, కొత్తగా మెరుగుపెట్టిన ప్రతి అది. వీబెకెకి ఒక పక్కన ప్రేబెన్, ఇంకో పక్కన ఆమె తండ్రి లౌరిట్స్ కూర్చున్నారు. ఎనభై నాలుగేళ్ల జాలరి ఆయన. పరాయి మగాడు తన కూతుర్ని ముద్దుపెట్టుకోవడం డబ్బిచ్చి మరీ చూడాలా అని పాతికేళ్లపాటు ఆ సినిమా జోలికే పోలేదు. ఇవాళ ఉచితం, పైగా ఆ మగాడు అల్లుడయ్యాడు.

లౌరిట్స్‌కి ఎడమచేతి రెండు వేళ్లు లేవు, వలలు లాగే యంత్రంలో పోయాయి. ఆ ఫ్యోర్డ్‌లో పడవలు ఇరుకు, తెడ్ల పిడులు ఒకదానిమీదికి ఒకటి వస్తాయి. అందరూ ఎడమచెయ్యి పైకి, కుడిచెయ్యి కిందికి పెట్టి లాగుతారు. మొండి వేళ్లు ఒరుసుకుపోతాయని లౌరిట్స్ మాత్రం కుడిచెయ్యి పైన పెట్టేవాడు. పిల్లలకీ అలాగే నేర్పాడు, వాళ్లకి పదేసి వేళ్లున్నాయన్న ఆలోచన లేకుండా! రేవులో అందరూ దానికి లౌరిట్స్ వాటమని పేరుపెట్టి నవ్వేవాళ్లు. అలా తెడ్డు వేసేవాళ్లు ఆ నీళ్లమీద ఒక్క ఇంట్లోనే ఉన్నారు.

తెరమీద తుపాను వచ్చింది. పాత ప్రతిలో అంతా బూడిదరంగు మసకే. ఇప్పుడు ఒక్కొక్క వానచుక్కా లెక్కపెట్టవచ్చు. వీపు... భుజాలు... తర్వాత నాలుగు క్షణాలపాటు చేతులు. ఉన్ని తొడుగుల్లో రెండు చేతులు. కుడిచెయ్యి పైన.

లౌరిట్స్ ముందుకి వంగాడు. చెవిటి మనిషి కాబట్టి ఆయన గుసగుస హాలంతటికీ వినపడింది.

"ఆ తెడ్డు వేసేది మా పిల్ల."

ఎవరో ఉష్షన్నారు. ఆయన ఊరుకోలేదు. ఇందాక ఎండలో వేసినవాడు ఎడమచెయ్యి పైన పెట్టాడనీ, ఇది లౌరిట్స్ వాటమనీ, ఈ నేర్పిన చేతికి తెలియదా అనీ తనలో తాను అనుకుంటున్నట్టు అందరికీ చెప్పాడు. వీబెకె తల తిప్పి భర్తని చూసింది. తెరమీది వెలుగులో ప్రేబెన్ మొహం తడిసిన కాగితంలా ఉంది. అప్పుడు అర్థమైంది ఆమెకి. త్యూరా సినిమాలో విధవరాలు పడవ వేస్తుంది! పొద్దుటి నుంచి తన ముడతలమీద అతనికెందుకంత బెంగో అనుకుంది. అతని బెంగ తన ముడతల గురించి కాదు, చేతుల గురించి.

మధ్యాహ్నం సత్రం హాల్లో విందు. ఆడపడుచు గ్రేటె అన్నగారిమీద తొమ్మిది చరణాల పాట కట్టి, అచ్చువేయించి, ప్రతి కంచం దగ్గరా పెట్టింది. తెలిసిన బాణీకి కొత్త మాటలు పెట్టి అతిథులందరూ కలిసి పాడటం అక్కడి విందుల్లో తప్పని ముచ్చట. నాలుగు చరణాలు జోరుగా సాగాయి. అయిదో చరణం "మాథియాస్ భుజాలు మరువగలమా" అని మొదలైంది. పొద్దున హాల్లో లౌరిట్స్ మాట విన్న గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి గ్రేటె ఒక్కతే పాడుతూ మిగిలింది. పరువు కాపాడాలని ఆవిడే చెంచా తీసుకుని కంచంమీద టింగుటింగున కొట్టింది. అందరూ అందుకున్నారు. కంచాలు మోగితే దంపతులు కుర్చీలెక్కి ముద్దుపెట్టుకోవాలి.

ప్రేబెన్ చటుక్కున కుర్చీ ఎక్కాడు. వీబెకె నేలమీదే నిలబడింది.

"ఎక్కు వీబెకె. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ పడవలో ఎవరున్నారో చెప్పు, ఎక్కుతాను. చెప్పకపోతే నువ్వు అక్కడే ఉండు. కాఫీ పైకి పంపిస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. "అమ్మా, తాతయ్య చెప్పింది నిజమేనా?" అంది సిగ్నె. ఆ జవాబు చెప్పాల్సిన మనిషి కుర్చీమీద ఉన్నాడు. రాజుగా సింహాసనాలమీద గంటలకొద్దీ కూర్చున్న మనిషికి ఆ చెక్క కుర్చీమీద నిలబడటం చేతకావడం లేదు.

"ఆ భుజాలు నావి కావు," అన్నాడు చివరికి. గొంతులో నటన లేకపోవడంతో ఎవరో కొత్తవాడు మాట్లాడినట్టుంది. "నాకు చిన్నప్పటినుంచీ నీళ్లంటే భయం. ఎండ సీన్లలో పడవని ఒడ్డుకి కట్టేసి తీశారు. తుపాను రోజున కట్టేయడం కుదరలేదు. ఆగ్నెస్ ముందురోజే చనిపోయింది కాబట్టి వీబెకెకి ఆ రోజు పని లేదు. నా కోటూ టోపీ తొడుక్కుని తనే వెళ్లింది. నేను దుప్పటి కప్పుకుని ఒడ్డున కూర్చున్నాను. ఆ తర్వాత నాకు వచ్చిన ప్రతి వేషం ఆ భుజాలు చూసి వచ్చిందే. తను మళ్లీ పడవ ఎక్కితే అందరికీ తెలిసిపోతుందని..."

గ్రేటె చెంచా కింద పెట్టి, తుపానులో భుజాలు వణకడం చలికి కాదా వదినా అని మెల్లిగా అడిగింది. అన్నగారి గొప్పలో ఆవిడకి ఏదో ఒకటి మిగలాలి కదా.

చలికేనని చెప్పి నవ్వేయడానికి వీబెకె నోరు తెరిచింది. పాతికేళ్లుగా ఆమె అన్నిటికీ అలాగే చెబుతూ వచ్చింది. ఈసారి మాత్రం మాట మారింది.

"కాదు వదినా, ఏడ్చాను. రెండు నెలలు ఆగ్నెస్‌గా బతికాను. ఆవిడ పోతే ఏడవడానికి కథలో ఆ ఒక్క మనిషే ఉన్నాడు. వాడు ఒడ్డున దుప్పట్లో ఉన్నాడు. మరి ఎవరో ఒకరు ఏడవాలి కదా ఆ పిల్ల కోసం... నేనే ఏడ్చాను."

ప్రేబెన్ ఏడుస్తున్నాడు. ఈసారి భుజాలు అతనివే. పాతికేళ్ల కాపురంలో అతను నిజంగా ఏడవడం ఆమె చూడలేదు. గుండె కరగలేదని చెబితే అబద్ధం. కరిగింది. కానీ కరిగింది కదా అని తనది తను వదులుకోదలచుకోలేదు. అందరి ముందే ఫోను తీసి త్యూరాకి చేసింది. మా ఆయన రాసిన ఉత్తరం ఆయనదనీ, నా జవాబు ఇదనీ, సోమవారం పొద్దుటి రైలుకి వస్తున్నాననీ చెప్పింది.

అప్పుడు మాట ప్రకారం కుర్చీ ఎక్కింది. ప్రేబెన్ ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేక చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది, బుగ్గ మాత్రమే ఇచ్చింది. మిగతా ముద్దు తిరిగొచ్చాక చూద్దామంది. "చొక్కాలు నువ్వే ఇస్త్రీ చేసుకోవాలి. ఆ కంచు బొమ్మ దుమ్ము కూడా."

"దాన్ని నీ గదిలో పెట్టిస్తాను," అన్నాడతను.

"పెట్టించకు. నువ్వే ఎత్తుకెళ్లి పెట్టు. బరువు తెలుస్తుంది."

చప్పట్లు సద్దుమణిగాక కింద నుంచి లౌరిట్స్ కర్రతో నేల తట్టాడు. ఆయన మొహంలో సంతోషం కంటే అనుమానం ఎక్కువగా ఉంది.

"ఆ డైరెక్టరమ్మ చేతులు మార్చి పట్టుకోమంటే ఏం చేస్తావే?"

"మార్చను నాన్నా," అంది వీబెకె, కుర్చీమీద నుంచే.