తబిత ఫోన్‌లో ఆకుపచ్చ

తబిత శవం కాలవ గట్టు మీద దొరికింది. ఉబ్బసం మనిషి. చుట్టూ దాళ్వా వరి కోసిన చేలల్లో దుబ్బులు కాలుతూ పొగలు కక్కుతున్నాయి.

ఆమె ఇన్‌హేలర్ మాత్రం మొగుడు సాల్మన్ జేబులో ఉంది. ఇంకేముంది, ఊరంతా తీర్పు చెప్పేసింది. తబిత అన్న రమేష్ బాబు అతణ్ణి కాలర్ పట్టుకుని స్టేషన్‌కి ఈడ్చుకొచ్చాడు. సాల్మన్ నోరు విప్పలేదు. విప్పకపోతే హత్య కేసు ఖాయం.

ఎస్సై శ్రీదుర్గకి ఒళ్ళు మండింది. పొగ పెట్టినవాణ్ణి ఒక్కడూ అడగడేం?

మర్నాడు శ్రీదుర్గ తబిత ఫోన్ తెరిచింది. గాలి చెడితే ఉబ్బసం రోగుల్ని హెచ్చరించే యాప్ ఉంది అందులో. నిన్న మధ్యాహ్నం రెండింటికి ఊరి గాలి 'బాగుంది' అని ఆకుపచ్చ రంగు చూపించింది. ఊరికి సెన్సార్ ఒక్కటే. అది ఆ కాలవ పక్క చేల ఆసామి, మోతుబరి శివరామకృష్ణ మేడ మీద ఉంది.

సాల్మన్‌తో సహా అందర్నీ ఆ మేడ మీదికే రప్పించింది.

"యాప్ ఎందుకు మోగలేదు?" సెన్సార్లు చూసుకునే ఉదయ్‌కుమార్‌ని అడిగింది.

"సెన్సార్ బాగానే ఉందండి. రీడింగులు ఆగలేదు."

"గాలి అటు తిరిగుంటుంది," శివరామకృష్ణ అందుకున్నాడు. "ఇన్‌హేలర్ దాచినోణ్ణి వదిలేసి మా ఇంటి మీద పడతారేంటి?"

"పోయినేడు దుబ్బు తగలబెట్టారని తబిత ఈ యాప్ చూపించే మీ మీద కంప్లైంట్ పెట్టింది కదా?"

"పెట్టింది. అయితే?"

శ్రీదుర్గ ఫోన్ అతని మొహం ముందు పెట్టింది.

"అందరూ రంగే చూశారు. కింద ఉష్ణోగ్రత చూడండి. ఇరవై మూడు. ఏప్రిల్‌లో, మిట్టమధ్యాహ్నం, ఈ మేడ మీద?"

ఉదయ్‌కుమార్ వంగి ఫోన్ చూశాడు. "అది ఏసీ గదిలో రీడింగండి."

"నిన్న ఆ సెన్సార్ లోపల పెట్టుకున్నాను," శివరామకృష్ణ కసిరాడు. "దుబ్బు తగలబెట్టనోడు ఎవడు ఊళ్ళో? నేను చంపానా?"

"పొగ పెట్టారు. పొగ లేదని ఆవిడకి చెప్పించారు కూడా. జీపెక్కండి."

రమేష్ బాబు తల దించుకున్నాడు. "బావా, మరి ఆ ఇన్‌హేలర్?"

సాల్మన్ అప్పుడు నోరు విప్పాడు.

"తను చర్చిలో స్త్రీల కూటానికి వెళ్తే నేనే ఇన్‌హేలర్ పట్టుకుని వెనకాల వెళ్ళేవాణ్ణి. నిన్న దూరంగా పొగ చూసి తను ఆగిపోయింది. నన్నూ రమ్మంది. ఫోన్‌లో పచ్చగానే ఉందిగా, ఏమీ కాదు, ఒక్కదానివే వెళ్ళు అని ఇన్‌హేలర్ కూడా ఇవ్వకుండా నేనే పంపించాను బావా."