అందరొచ్చిండ్రా?

ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి దబీర్‌పురాలోని ఆ రెండు గదుల ఇంట్లో అన్నం తినే బల్ల కాస్తా అంతరిక్షం అయిపోయేది. వీణ దాని మీద నల్ల దుప్పటి పరిచి, సీసా మూతలతో నౌకలు పేర్చి, పాచికలు బయటికి తీసేది. వారమంతా కరెంటు ఆఫీసులో జనం ఫిర్యాదులు వినీ వినీ విసిగిపోయిన మనిషికి ఆ మూడు గంటలే తనవి.

ఆట పద్ధతి సులువే. వీణ కథ చెబుతుంది. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై తామేం చేస్తారో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. భర్త సాగర్ నౌకకి కెప్టెన్. పత్తర్‌గట్టి నుంచి స్కూటర్ మీద వచ్చే కుటుంబ స్నేహితుడు నవీద్ తుపాకులు చూస్తాడు, వాడి చెల్లెలు ఆఫ్షీన్ డాక్టరు. శత్రువులేమో వేరే గ్రహం జీవులు. నౌకలోకి చొరబడి, సిబ్బంది బూట్లు లెక్కపెట్టి, తలుపులన్నీ బిగించేస్తారు. నవీద్ వాళ్ళకి గింతీవాలాలు అని పేరు పెట్టాడు. గింతీ అంటే లెక్కే కదా.

నిజానికి ఆ జీవులు ఏ గ్రహం నుంచీ రాలేదు. ఆ ఇంటి వంటగదిలోంచే వచ్చారు.

వీణ అత్తగారు లీలమ్మ రోజూ దీపాల వేళ గడప దగ్గర వంగి చెప్పుల జతలు లెక్కపెట్టేది. "అందరొచ్చిండ్రా? తలుపేస్తున్న!" అని కేకేసి గొళ్ళెం పెట్టేది. ముగ్గురే ఉన్న ఇంట్లో ఆ లెక్కేమిటో, మూలనున్న పాత తోలు చెప్పుల్ని కూడా కలిపి నాలుగనడమేమిటో వీణకి అంతుపట్టేది కాదు. పోయిన మామగారివి కాబోలనుకునేది. సినిమా నుంచి అరగంట ఆలస్యంగా వస్తే చాలు, లీలమ్మ గడపలోనే నిలబడి ఉండేది. ఎదురు చెప్పలేని చిరాకంతా వీణ ఆటలోకి మళ్ళించింది. తప్పేముంది, ఆదివారాలు అత్తగారు ఎలాగూ కార్వాన్‌లోని కూతురు సుజన ఇంటికి వెళ్ళేదాయె.

ఆ ఆదివారం మాత్రం వెళ్ళలేదు.

"నవీద్ పుణె పోతుండు గద. సర్వపిండి చేసి పెడ్త పోరనికి," అంది.

నవీద్‌కి అక్కడ ఉద్యోగం వచ్చింది, మరునాడే ప్రయాణం. ఏడాదిగా సాగిన ఆటకి అదే చివరి రోజు. గింతీవాలాల నౌకని పేల్చేస్తే కథ ముగుస్తుంది.

"భాభీ, వాళ్ళ సర్దార్ ఏమంటుండు?" అన్నాడు నవీద్, పాచిక గుప్పిట్లో ఆడిస్తూ.

వీణకి ఊపొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని, గొంతు బొంగురు చేసి, "అందరొచ్చిండ్రా? తలుపేస్తున్న!" అంది. ముగ్గురూ పగలబడి నవ్వారు. సాగర్‌కైతే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

సర్వపిండి పళ్ళెంతో లీలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వీణ ఆవిడ వెనకే పరిగెత్తింది.

"ఉత్త ఆట అత్తమ్మా..."

"ఆటనే. కాదన్నానా?" లీలమ్మ గొంతు పెరగలేదు. అదే భరించలేకపోయింది వీణ. "రాక్షసులకి నా మాట పెట్టినవ్. మంచిగుంది. ఒక్కటి చెప్పు. ఆట నడిపేదానికి అన్నీ తెల్వాలె అంటవ్ గద నువ్వు. వాళ్ళు ఎందుకు లెక్క పెడ్తరు?"

వీణ ఆ జీవుల నౌకకి ఎన్ని గదులో, వాళ్ళ రక్తం ఏ రంగో నోటు పుస్తకం నిండా రాసుకుంది. ఇది మాత్రం రాసుకోలేదు.

"తెల్వదు గదా. సుజన కాడ నాలుగు దినాలు ఉండొస్త," అంటూ లీలమ్మ సంచిలో రెండు చీరలు పెట్టుకుంది.

సాగర్ అడ్డొచ్చాడు. "అమ్మా, గింత దానికే లొల్లా?"

"నేనేం లొల్లి చేసిన్రా? నువ్వు సుత నవ్వినవ్. గదే యాదికుంటది."

గడప దగ్గరికి వెళ్ళి, మూలనున్న పాత తోలు చెప్పుల్ని తీసి, కొంగుతో దుమ్ము తుడిచి సంచిలో పెట్టుకోబోయింది.

"బాపు చెప్పులు అక్కడికెందుకే?" అన్నాడు సాగర్.

"బాపువి కావు. షఫీఉద్దీన్ భాయ్‌వి."

తాత పేరు వినగానే నవీద్ లేచి నిలబడ్డాడు. "మా దాదావా?"

లీలమ్మ గడప మీద కూలబడింది. ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"ఈ సాగర్‌కి రెండేండ్లప్పుడు కర్ఫ్యూ పెట్టిండ్రు. మీ దాదా బట్టల దుకాణంల పనికి పోయిన వీని బాపు ఇల్లు చేరలే. ఫోన్ లేకుండె. పొద్దుమాపు గడప కాడ చెప్పులు చూసేదాన్ని. నావి, మా అత్తవి, వీని బుడ్డవి. ఒక జత తక్కువనే. మర్నాడు గట్లనే. మూడో దినం తలుపు సప్పుడైంది, ఆయనే వచ్చిండు. ఉరుకుతుంటె చెప్పులు యాడనో పోయినయట. షఫీఉద్దీన్ భాయ్ ఇంట్ల పెట్టుకున్నడు, భాయ్ పెండ్లాం మహబూబ్ బీ వండి పెట్టింది. పంపేటప్పుడు భాయ్ తన కాళ్ళవే ఇడిచి ఇచ్చిండు. యాపసు ఇయ్యబోతె తీస్కోలే. గప్పటి సంది లెక్కపెట్టుడు నాకు అలవాటైంది. ఆపుదమన్న నాతోని కాలే."

నవీద్ ఆ చెప్పుల్ని చేతుల్లోకి తీసుకున్నాడు. "దాదా ఎప్పుడు చెప్పలే ఆంటీ," అన్నాడు మెల్లగా.

వీణకి సిగ్గుతో ఏడుపొచ్చింది. పెళ్ళై ఆరేళ్ళు. రోజూ వింటూనే ఉంది, ఒక్కసారి ఎందుకని అడగలేదు. అత్తగారి పక్కన గడప మీదే కూర్చుంది.

"తప్పయింది అత్తమ్మా. శత్రువులన్న గానీ, ఎందుకు లెక్క పెడ్తరో నాకు తోచనే లేదు. ఆట ఆగిపోయింది. ఎట్ల ముగించాల్నో నాకు తెలుస్తలేదు. మీరు చెప్పండి."

లీలమ్మ తల తిప్పుకుంది. కానీ ఆఫ్షీన్ వచ్చి చెయ్యి పట్టుకుంది. "రండి ఆంటీ, మీరే సర్దార్." సాగర్ తన కుర్చీ లాగి వేశాడు. సంచి గడప దగ్గరే ఉండిపోయింది.

ఆఫ్షీన్ బల్లకి అటువైపు నుంచి అడిగింది. "సర్దార్, మేం పేలుస్తలేం. మీలో ఎవరు రాలే?"

లీలమ్మ ఒక సీసా మూతని పక్కకి జరిపింది. "ఒక్కడు రాలే," అంది. "చాన దినాలైంది."

"దేవులాడుదం," అన్నాడు సాగర్. వాణ్ణి వెతకడానికి తన నౌకని ముందుకి జరిపాడు.

పాచిక లీలమ్మ చేతిలో పెట్టారు. ఆరు పడింది. ఇరవై ముఖాల పాచికకి ఆరంటే ఓటమే. ఏడాదిగా ఒక్క అంకె కూడా ఉదారంగా వదలని వీణ, "దొరికిండు అత్తమ్మా," అంది. ఎవరూ కాదనలేదు.

మధ్యాహ్నం అందరూ కలిసి తిన్నారు. నవీద్ పోయేముందు లీలమ్మ ఆ తోలు చెప్పులు ఇవ్వబోయింది. "ఇక్కడనే ఉండనీ ఆంటీ. దాదా మీ గింతీల ఉంటడు," అన్నాడు వాడు.

దీపాల వేళ అయింది. లీలమ్మ వంటింట్లోంచి కదల్లేదు. పొద్దున్నే అంతమంది నవ్విన మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు. వీణ అది గమనించి, తనే గడప దగ్గరికి వెళ్ళి వంగింది.

"అత్తమ్మా, అయిదు జతలున్నయి!"

"అయిదెట్లయితయ్?" లీలమ్మ పరుగున వచ్చింది.

షఫీఉద్దీన్ తోలు చెప్పుల పక్కనే నవీద్ నీలం చెప్పులు ఒద్దికగా పెట్టి ఉన్నాయి.

"ఉత్త కాళ్ళతోని పోయిండా పోరడు!" అని లీలమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మల్లొస్తడు. ఇడిచి పెట్టిండంటె మల్లొస్తడు."

వీణ గొళ్ళెం మీద చెయ్యి వేసి, అత్తగారి వైపు తిరిగింది.

"అందరొచ్చిండ్రా? తలుపేస్తున్న."

"వచ్చిండ్రు బిడ్డా," అంది లీలమ్మ. "తలుపేయ్."